నేను ఎంచుకున్న దీవి

మా ఇద్దరిదీ ఇంగ్లీషు పాఠాలు చెప్పుకుని బతికే బతుకు. నేను అమలాపురంలో ఒక ప్రైవేటు స్కూల్లో హైస్కూలు పిల్లలకి చెప్పేదాన్ని, మా ఆయన కొత్తపేటలో జూనియర్ కాలేజీలో చెప్పేవారు. కాపురం కొత్తపేటలోనే. పొద్దున్నే నేను బస్సెక్కి వెళ్ళిపోయేదాన్ని. సాయంత్రం ఇంటికి చేరాక ఒకే బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకునేవాళ్ళం. వింత తప్పు కనబడితే ఒకరికొకరు చదివి వినిపించుకుని నవ్వుకునేవాళ్ళం.

పెళ్ళయి ఎనిమిదేళ్ళయినా పిల్లలు కలగలేదు. రాజమండ్రిలో ఇద్దరు డాక్టర్లకి, కాకినాడలో ఒకరికి చూపించుకున్నాం. ఇద్దరిలోనూ లోపమేమీ లేదన్నారు. లోపం ఉందంటే దానికో మందుండేది. లేదన్నాక చేయడానికేమీ మిగల్లేదు. నెమ్మదిగా ఆ మాట ఇంట్లో ఎత్తడం మానేశాం.

బయటివాళ్ళు మానలేదు. ఆదివారం చర్చి అయిపోయి చెప్పులు వేసుకుంటుంటే ఎవరో ఒకావిడ చెయ్యి పట్టుకుని, గొంతు తగ్గించి, ఏమైనా విశేషమా అమ్మా అని అడిగేది. ప్రేమతోనే అడిగేవారు. నా కోసం ఉపవాసం ఉండి ప్రార్థన చేసినవాళ్ళు కూడా ఉన్నారు. ఆ ప్రేమే భరించలేకపోయేదాన్ని. నన్నెవరూ ఎరగని చోటికి, ఆ ప్రశ్న అడిగేవాళ్ళు లేని చోటికి వెళ్ళిపోవాలనిపించేది. విదేశంలో ఉద్యోగం చేద్దామన్న ఆలోచన అలా పుట్టింది. అది నాదే, ఆయనది కాదు.

ఆరేడు నెలలు రోజూ లాప్‌టాప్ ముందు కూర్చుని వెతికాం. వియత్నాం, థాయిలాండ్, జార్జియా. ఎక్కడ చూసినా ఇంగ్లీషు మాతృభాష అయినవాళ్ళే కావాలని రాసి ఉండేది. అయినా పంపించేదాన్ని. ఒకసారి వీడియోలో ఇంటర్వ్యూ పెట్టారు. అవతలి అమ్మాయి నేను మాట్లాడినంతసేపూ బాగుందని తలూపింది. చివర్లో పాస్‌పోర్టు ఏ దేశానిదని అడిగింది. చెప్పాను. ఆ తర్వాత రెండు నిమిషాల్లో ముగించేసింది. పన్నెండేళ్ళుగా నేను చెప్తున్న భాష నాది కాదని ఎవరో గుర్తుచేసినట్టయింది. ఆ రోజు ఆయనే వంట చేశారు.

మన దేశానికి దక్షిణాన, దీవులు తప్ప మరో నేల లేని ఒక చిన్న దేశం ఉంది. అక్కడి స్కూళ్ళు మనవాళ్ళని తీసుకుంటాయని కాలేజీలో ఎవరో చెప్పారు. రాజోలులో ఒక రిటైరైన టీచరుగారు అక్కడ పదేళ్ళు పనిచేసి వచ్చారని తెలిసి, ఒక ఆదివారం ఆవిడ ఇంటికి వెళ్ళాం. పెద్దావిడ. సన్నగా, నిటారుగా ఉన్నారు. జంతికలు పెట్టి, టీ ఇచ్చి, మేము అడిగినవన్నీ ఓపిగ్గా చెప్పారు. ఏ దీవికి పోస్టింగ్ తీసుకుంటే మంచిదని అడిగాను.

"ఇల్లెలా ఉందో చూడకండమ్మా. ఊరు అందంగా ఉందా లేదా అని అసలే చూడకండి. ఆసుపత్రికి ఎంతసేపు పడుతుందో అడగండి ముందు. పడవ మీద కాదు, నడిచి వెళ్తే ఎంతసేపో అడగండి. మిగతావన్నీ అలవాటైపోతాయి," అన్నారు ఆవిడ.

ఆయ్, అలాగేనండీ అన్నాను. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆయన పక్కన కూర్చుని, "మనకి పిల్లా జెల్లా లేరు కదండీ, ఆసుపత్రితో మనకేం పని?" అన్నాను. హాస్యానికే అన్నాననుకున్నాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

నెల తిరక్కుండానే మా ఇద్దరికీ రెండు చోట్ల నుంచి పిలుపు వచ్చింది. ఒకటి పెద్ద దీవి. ఆసుపత్రి, విమానాశ్రయం, అంగళ్ళు అన్నీ ఉన్నాయి. మూడో అంతస్తులో ఒక్క గది ఇస్తామన్నారు. ఆయనకో స్కూలు, నాకో స్కూలు. రెండోది చాలా చిన్న దీవి. ఈ చివర నుంచి ఆ చివరకి పావుగంట నడక. ఇద్దరికీ ఒకే స్కూలు, పెరడున్న ఇల్లు. జబ్బు చేస్తే చూడ్డానికి ఒక డాక్టరు, ఇద్దరు నర్సులు ఉన్నారు. అంతకు మించితే పడవ మీద పెద్ద దీవికి వెళ్ళాలి.

ఆ చిన్న దీవి ప్రిన్సిపాల్ నా ఫోనుకి ఫొటోలు పంపించారు. ఇసక దారి, తెల్లటి ప్రహరీలు, వాటి మీదికి వంగిన కొబ్బరిచెట్లు. ఆ దారిలో ఒక ముసలాయన కాయలు ఒలుస్తూ కూర్చున్నాడు. అంబాజీపేట పక్కన ఏదో సందులా ఉంది. కోనసీమే, కానీ నన్ను ఎవరూ ఎరగని కోనసీమ. ఆ ఫొటో ఎన్నిసార్లు చూసుకున్నానో లెక్కలేదు.

ఎక్కడికి వెళ్దామండీ అని ఆయన్ని అడిగాను. "నాకెక్కడైనా ఒకటే. నీ ఇష్టం," అన్నారు. మర్నాడు మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే మాట. మూడో రోజు చిన్న దీవికి ఒప్పుకుంటున్నట్టు ఇద్దరి తరఫునా నేనే ఉత్తరం టైపు చేసి పంపించాను.

వెళ్ళిన కొత్తల్లో అంత సుఖంగా నేనెప్పుడూ లేను. ఆ మాట దాచను. మధ్యాహ్నానికల్లా స్కూలు అయిపోయేది. పక్కింటావిడ పీట మీద కూర్చుని కొబ్బరి కోరుతుంటే వెళ్ళి పక్కన కూర్చునేదాన్ని. ఆవిడ భాష నాకు రాదు, నా భాష ఆవిడకి రాదు. చేపల కూరలో కొబ్బరిపాలు ఎప్పుడు పోయాలో మాత్రం ఇద్దరికీ తెలుసు. ఏడాది పాటు నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. సాయంత్రాలు ఆయనా నేనూ దీవి చుట్టూ నడిచి వచ్చేవాళ్ళం.

రెండో ఏడు మొదట్లో నాకు నెల తప్పింది.

దీవిలో డాక్టరు నిజమేనన్నాక ఆయన నాతో ఇంటికి రాకుండా సముద్రం ఒడ్డుకి వెళ్ళిపోయారు. గంట తర్వాత వచ్చారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఉప్పుగాలి అన్నారు. మా వాళ్ళెవరికీ అప్పుడే చెప్పొద్దనుకున్నాం. నెలకోసారి పడవలో పెద్ద దీవికి వెళ్ళి చూపించుకుని వచ్చేవాళ్ళం. అంతా బాగుందన్నారు. ఏడో నెల రాగానే సెలవు పెట్టి ఇంటికి వెళ్ళిపోవాలని నిశ్చయించుకున్నాం. నర్సాపురంలో ఉన్న మా అక్కకి ఒక్కదానికే చెప్పాం, ఆవిడ ఒక గది ఖాళీ చేయించి సున్నం కూడా వేయించింది.

ఆరో నెల నడుస్తుండగా వానాకాలం గాలులు మొదలయ్యాయి. మూడు రోజులుగా పడవలు నడవడం లేదు. ఆ రోజు పొద్దున్న నాలుగో తరగతి పిల్లలకి సుద్దముక్కల డబ్బా బల్ల మీద పెట్టి, కింద పెట్టి, ఎక్కడుందో ఇంగ్లీషులో చెప్పమంటున్నాను. డబ్బా తీయడానికి వంగినప్పుడు నొప్పి వచ్చింది. అలాంటి నొప్పి ఎప్పుడూ ఎరగను. పిల్లల్ని భయపెట్టకూడదని కుర్చీలో కూర్చుని, ఆయన్ని పిలుచుకురమ్మని ఒక పాపని పంపించాను.

ఇక్కడ కుదరదు, వెంటనే పెద్ద దీవికి తీసుకెళ్ళాలి అన్నాడు డాక్టరు. పడవ నడిపే ఆయన రేవులో నిలబడి సముద్రం కేసి చూసి, ఇప్పుడు బయలుదేరితే ఎవరమూ చేరం అన్నాడు. అతని తప్పు లేదు. ఎవరి తప్పూ లేదు. గాలి తగ్గేదాకా మూడు గంటలు ఆగాం. మధ్యాహ్నం దాటాక బయలుదేరాం. పక్కింటావిడ, ఇంకొకావిడ ఎవరూ పిలవకుండానే పడవెక్కి నన్ను చెరోవైపూ పట్టుకుని కూర్చున్నారు. కెరటానికి పడవ ఎగిరి పడినప్పుడల్లా పక్కింటావిడ తన అరచేయి నా పొట్ట కింద పెట్టేది. ఆయన ఎదురుగా కూర్చుని నా పాదాలు పట్టుకున్నారు.

పెద్ద దీవి ఆసుపత్రికి చేరాక పాప పుట్టింది. ఏడవలేదు.

అక్కడి నర్సు నా తల నిమురుతూ, మీరు పొద్దున్నే వచ్చి ఉంటే బతికి ఉండేది అంది, ఇంగ్లీషులో. ఓదార్పుగానే అంది పాపం. అలాంటి వాక్యం నేను ఎన్నో ఏళ్ళుగా పిల్లల చేత బోర్డు మీద రాయించాను. జరగని దాని గురించి, ఇక జరగడానికి వీల్లేని దాని గురించి చెప్పే వాక్యం. దాని అర్థం నాకు ఆ మంచం మీద తెలిసింది.

నన్ను లేవనివ్వలేదు. ఆసుపత్రి వాళ్ళు చూపించిన చోట ఆయన ఒక్కరే వెళ్ళి మట్టి చేసి వచ్చారు. చేతులు కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చున్నారు. ఎవరి పోలిక అని అడిగాను. "నీ నుదురు," అన్నారు.

కొత్తపేటలో నన్ను దిగబెట్టి, పది రోజులుండి, కాంట్రాక్టు ఉంది కాబట్టి ఆయన మళ్ళీ వెళ్ళిపోయారు. అమలాపురం స్కూల్లో నన్ను తిరిగి తీసుకున్నారు. చర్చిలో ఆడవాళ్ళు వచ్చి పక్కన కూర్చునేవారు, దేవుడి చిత్తం అమ్మా అనేవారు. ఇప్పుడు మాత్రం విశేషమా అని ఎవరూ అడగడం లేదు. అందుకోసమే కదా అంత దూరం వెళ్ళాను.

ఆయన రోజూ ఫోను చేసేవారు. తిన్నావా, బస్సు దొరికిందా అని అడిగేవారు. ఆ దీవిని ఎంచుకున్నది నువ్వు అని ఒక్కసారి కూడా అనలేదు. అంటారేమోనని మొదట భయపడ్డాను. తర్వాత తర్వాత అంటే బాగుండునని ఎదురుచూశాను.

ఆ డిసెంబరులో సెలవులకి వచ్చారు. అక్కని చూద్దామని స్కూటరు మీద సఖినేటిపల్లి రేవుకి వెళ్ళాం. అవతల నర్సాపురం. చిన్నప్పటినుంచీ వెయ్యిసార్లు దాటిన గోదావరి. పంటు వచ్చి ఆగింది. మోటారు సైకిళ్ళు, గంపలు, మనుషులు ఎక్కుతున్నారు. నేను కాలు పెట్టాను. చెక్క కొద్దిగా కదిలింది. కాలు వెనక్కి తీసుకున్నాను.

"ఎక్కలేనండీ," అన్నాను.

ఆయన వెంటనే స్కూటరు వెనక్కి తిప్పి, ఒక పక్కగా స్టాండు వేశారు. పంటు వెళ్ళిపోయింది. ఇద్దరం గట్టు మీద కూర్చున్నాం. నేనే అన్నాను.

"ఆ దీవి కావాలన్నది నేనే కదండీ. ఒక్కసారైనా నన్ను ఎందుకు అనరు?"

ఆయన నీళ్ళకేసి చూస్తూ నెమ్మదిగా చెప్పారు.

"నువ్వు కావాలనలేదు. నేనే నీమీదకి తోసేసేను. ఆ టీచరుగారు చెప్పిన మాట నాకు గుర్తే ఉంది. బస్సులో నువ్వు ఆసుపత్రితో మనకేం పని అన్నప్పుడు, అలా అనకు అందామనుకున్నాను. అంటే మనకింకా ఆశ ఉన్నట్టే కదా. మళ్ళీ ఆశ పెట్టుకోడానికి భయమేసింది నాకు. అందుకే నీ ఇష్టం అన్నాను."

ఇన్నాళ్ళూ ఆ బరువు నాది ఒక్కదానిదే అనుకున్నాను. ఆయనకీ అంతే ఉందని తెలిస్తే నాది తగ్గాలి. తగ్గలేదు. ఆయన చెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను. ఆ రోజు చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి అక్క ఇంటికి వెళ్ళాం.

తిరిగి వెళ్ళే ముందు ఆయన ఇంకో మాట చెప్పారు. పెద్ద దీవిలో స్కూలువాళ్ళు మళ్ళీ పిలిచారట, ఇద్దరికీ ఒకేచోట ఉద్యోగం, రెండు గదుల ఇల్లు. ఆసుపత్రి అయిదు నిమిషాల నడక.

"ఈసారి నేను చెప్తున్నాను. వచ్చెయ్యి," అన్నారు.

ఆయన అలా అడగడం అదే మొదటిసారి. వస్తానని చెప్పాలని ఎంత అనుకున్నానో. కానీ ఆ ఆసుపత్రి గోడ పక్కనుంచి రోజూ నడిచి వెళ్ళి, పిల్లలకి పాఠం చెప్పి, కూర వండుకోవడం నావల్ల కాదు. ఆ మాటే చెప్పాను. మీరే వచ్చెయ్యండి, ఇక్కడే ఏదో ఒక కాలేజీలో చేరండి అని బతిమాలాను.

ఆయన తల వంచుకున్నారు. "పాప అక్కడే ఉంది కదా. మనిద్దరిలో ఒకళ్ళమైనా ఉండొద్దా?" అన్నారు.

నేను వెళ్ళలేకపోవడానికీ, ఆయన రాలేకపోవడానికీ కారణం ఒక్కటే. మర్నాడు కారులో రాజమండ్రి విమానాశ్రయం దాకా వెళ్ళాను. రావులపాలెం, జొన్నాడ దాటాక కూడా ఇద్దరం ఏదో మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఏం మాట్లాడుకున్నామో ఇప్పుడు ఒక్కటీ గుర్తు లేదు.

ఇది జరిగి మూడేళ్ళవుతోంది. ఆయన ఒక్కరే ఆ పెద్ద దీవి స్కూల్లో చేరారు. మేము విడిపోలేదు. పోట్లాడుకోలేదు. ఏడాదికోసారి వస్తారు, నెల రోజులుంటారు. వచ్చినప్పుడు నా పేపర్లు కొన్ని తీసుకుని దిద్దిపెడతారు. అక్కడ సెలవు రోజు పొద్దున్నే పాప దగ్గరికి వెళ్ళి వస్తారు. వెళ్ళొచ్చానని చెప్పరు గానీ, ఆ రోజు ఫోను కాస్త ఆలస్యంగా వస్తుంది. నేను కూడా అడగను.

పోయిన నెల కాంట్రాక్టు మళ్ళీ రెండేళ్ళు పొడిగిస్తామన్నారట. సంతకం పెట్టే ముందు నాకు ఫోను చేశారు. పెట్టమంటావా అని అడిగారు.

పెట్టండి అన్నాను.