గవాచి బండ

తొలివాన వాసన ఇష్టపడని మనిషిని నేనింతవరకూ చూడలేదు, నన్ను తప్ప. నిన్న సాయంత్రం కర్నూల్లో నాలుగు చినుకులు రాలగానే మా కోడలు కిటికీలన్నీ తెరిచి, "మామా, వాసన ఎంత బాగుందో చూడండి" అంది. నేను లేచి వెళ్ళి నా గది తలుపు వేసుకున్నాను. ముసలాయనకు చలి కాబోలు అనుకుని ఉంటుంది. చలి కాదు. తడిసిన మట్టి వాసన ముక్కుకు తగిలితే చాలు, నా తల దానంతటదే పైకి లేస్తుంది, కళ్ళు ఇంటి కప్పులో కంత కోసం వెతుకుతాయి. ఇది సిమెంటు ఇల్లు, దీనికి కంత ఎక్కడిది? ఆ సంగతి నా కళ్ళకు ఇన్నేళ్ళయినా తెలిసిరాలేదు.

యాభయ్యో దశకం మొదట్లో నేను ఎర్రగుంట్లకు రెండు మైళ్ళ దూరంలో ఒక పల్లెలో బోర్డు స్కూలు అయ్యవారుగా ఉండేవాణ్ణి. ఇరవై ఆరేళ్ళవాణ్ణి, పెళ్ళి కాలేదు, బడి వదిలాక పొద్దుపోయేది కాదు. మా బడి వెనకే లింగారెడ్డిగారి ఇల్లు. ముప్పై ఎకరాల మెట్ట ఉన్న మనిషి. భార్య పోయింది, కూతుర్ని రాయచోటికి ఇచ్చారు. ఆయనకు యాభై అయిదేళ్ళు దాటాక సారె తిప్పాలని బుద్ధి పుట్టింది. అవును, కుమ్మరి సారే. ఊళ్ళో కుండలు చేసే నాగన్న దగ్గర కూర్చుని, బంధువులు తల కొట్టుకుంటూ ఉండగా, రెండేళ్ళలో నేర్చుకున్నారు. కులపోళ్ళు "కుమ్మరి రెడ్డి" అని పేరు పెట్టారు. పెళ్ళిళ్ళలో ఆయన పక్కన కూర్చోబోయి, చేతులు కడుక్కున్నావా అని అడిగేవాళ్ళు. ఆయన రెండు చేతులూ తిప్పి చూపించేవారు, గోళ్ళ సందుల్లో మట్టితో సహా.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆయన పెరట్లో చప్పరం కింద మేము చేరేవాళ్ళం. మేమంటే ముగ్గురం. రెడ్డిగారు, స్టేషన్లో పాయింట్స్‌మన్‌గా చేసే మస్తాన్ సాహెబు, నేను. సాహెబుకు కూజాల పిచ్చి. మెడ సన్నంగా సాగదీయబోయి ప్రతిదాన్నీ కూలదోసుకునేవాడు. నాగన్న అప్పుడప్పుడు వచ్చి, నోటికి తుండుగుడ్డ అడ్డం పెట్టుకుని నవ్వి పోయేవాడు. ఎవరం దేన్నీ అమ్మేది లేదు, ఎవరికీ దేనికీ పనికొచ్చేది లేదు. వారమంతా ఎవరు ఏమి చేశారో తెచ్చి నడుమ పెట్టాలి, అంతే. దానికి రెడ్డిగారు పెట్టిన కట్టడి ఒకటుంది. కుండలో తప్పు ఏదైనా ఉంటే దాన్ని చేసినవాడే ముందు చెప్పాలి. వాడు చెప్పేవరకూ మిగతావాళ్ళు నోరు విప్పకూడదు.

నా మొదటి ముంతను నేను పంచె చాటున దాచుకుని కూర్చున్న ఆదివారం నాకింకా కళ్ళకు కట్టినట్టుంది.

"ఏమప్పా అయివోరా, దాపెట్టుకుంటాండావేం? ముందల పెట్టు."

"బాగ రాలేదు రెడ్డిగారూ."

"బాగ రాలేదంటే తప్పు చెప్పినట్టు గాదు. యాడ బాగ రాలేదు? అది చెప్పు."

నేను బయటపెట్టి, మూతి ఒక పక్కకు వాలిందని చెప్పాను. ఆయన ముంతను ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేతి బొటనవేలు నీళ్ళలో ముంచి, వాలిన చోట లోపలినుంచి ఒక్క అదుము అదిమారు. ఆ వేలు ఎప్పుడో బావి దగ్గర ఎద్దులతో కపిల తోలుతుంటే గిలకలో పడి నలిగి, చివర చప్పిడిగా, వెడల్పుగా అయిపోయింది. మూతి పూర్తిగా సరికాలేదు గానీ నిలబడింది. "తప్పు యాడుండాదో చేసినోడే చెప్తే, దిద్దేది శానా సులువప్పా. చెప్పకుంటేనే కష్టం" అన్నారు. బడిలో నేను పిల్లల తప్పులు బెత్తంతో వెతికే రోజులవి. ఆ సోమవారం నుంచి బెత్తం అటక మీద పెట్టేశాను.

ఆయన ఇంట్లో ఒక గది నిండా కుండలే. సగం ఆయన పోగుచేసినవి. ఏ ఊరికి పోయినా ఆ ఊరి కుమ్మరి చేతి కుండ ఒకటి తెచ్చుకునేవారు. రాయచోటి సంతలో కొన్న పొట్టి బాన, అహోబిలం తిరునాళ్ళలో కొన్న ఎర్ర దుత్త, కర్నూలు నుంచి రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన కాగు. మిగతా సగం ఆయన చేసినవి, నలభైకి పైగా ఉంటాయి. అందులో ఒక్కటి కూడా కాల్చింది లేదు. అన్నీ ఎండబెట్టిన పచ్చి కుండలే. ఎందుకు ఆవంలో పెట్టి కాల్చరని అడిగితే మొదట నవ్వేసేవారు. ఒకసారి మాత్రం నిజం చెప్పారు. "నలభై ఆవంలో పెడితే పదైదు పగుల్తాయంటాడు నాగన్న. ఏ పదైదో నాకు తెలీదు గదా!"

తర్వాత కరువు వచ్చింది. రెండేళ్ళు చుక్క పడలేదు. చెరువు నోరు తెరుచుకుంది. మా బడి వసారాలోనే గంజి కేంద్రం పెట్టారు. పలకలు పట్టుకోవలసిన పిల్లలు ముంతలు పట్టుకుని వరసలో నిలబడేవాళ్ళు. బావి దగ్గర ఆడవాళ్ళు రెడ్డిగారికి వినబడేటట్టే అనేవాళ్ళు, "తాగేదానికి నీళ్ళు లేక మనం సస్తాంటే, ఈయప్పకు బురద తొక్కేదానికి నీళ్ళొచ్చినాయి" అని. ఆయన మూడు రోజులకొకసారి స్నానం చేయడం మొదలుపెట్టి, ఆ మిగిలిన నీళ్ళతో మట్టి తడుపుకునేవారు. అడ్డగోలు మనిషి అని నేనూ మనసులో అనుకున్నాను. ఒక ఆదివారం మట్టి పిసుకుతూ తలెత్తకుండా అన్నారు: "చేను నా మాట ఇనదు, మబ్బు నా మాట ఇనదు. ఇదొక్కటన్నా ఇంటాంది అయివోరా, దీన్ని గూడా ఇడిసిపెట్టమంటావా?"

ఆవం రాజేయడానికి పేడ లేదు, కంప లేదు. పశువులు సగం చచ్చి, సగం సంతకు పోయాయి. నాగన్న ఆవం కూడా ఆగిపోయే రోజు వచ్చింది. చివరిసారి రాజేసేటప్పుడు, "ఒకదానికి సందుండాది రెడ్డీ, తెస్తావా?" అని కబురు పెట్టాడు. రెడ్డిగారు ఒక్కటి పట్టుకుని పోయారు. ఆయనది కాదు. నా వంకరమూతి ముంత. "కొత్తగా నేర్సినోడిది కాలాల. చేతిలో పట్టుకుంటే ధైర్యమొస్తాది" అన్నారు.

రెండో వేసవి చివర్లో ఆయన ఒక నిశ్చయానికి వచ్చారు. వయసు మీదపడుతోంది, పగిలితే పగిలాయి, ఇక కాల్చేద్దామన్నారు. అహోబిలం పక్క నల్లమలలో ఎండుకట్టె దొరుకుతుందని విని, బండి కట్టుకుని తానే బయలుదేరారు. పోవడానికి మూడు రోజులు, రావడానికి మూడు రోజులు. తను చేసిన కుండలన్నీ అటక మీంచి దించి గది నడుమ నేల మీద, గవాచి కింద పేర్చారు. గవాచి అంటే మా మట్టిమిద్దెల కప్పులో వెలుతురు కోసం వదిలే కంత. వాన వస్తే పైకెక్కి బండతో మూయాలి. ఆవంలో పెట్టేముందు కుండలో తేమ మిగలకూడదు కాబట్టి ఎండ తగలాలని దాన్ని తెరిచి ఉంచారు. తాళంచెవి నాకిచ్చి, నన్ను మిద్దెమీదికి తీసుకుపోయి, బండను నాచేత ఒకసారి లాగించి చూశారు. చేతులు గీరుకుపోయేంత బరువు గానీ, ఒక్కడు లాగగలిగిందే.

"మబ్బు పట్టితే మూసెయ్ అప్పా. పడదులే, అయినా చెప్పాల గదా."

"మీరు నిశ్చింతగా పోయి రండి" అన్నాను.

అయిదో రోజు మధ్యాహ్నం గంజి పోస్తున్నాను. పడమట నల్లగా కమ్మింది. రెండేళ్ళలో అలాంటి ఉత్త మబ్బులు ఎన్ని చూశామో. నవ్వి గరిటె ముంచాను. అంతలోనే పడింది. పిల్లలు గంజి ముంతలు వదిలేసి బయటికి దూకారు. ముసలివాళ్ళు దోసిళ్ళు పట్టి నిలబడి ఏడ్చారు. స్టేషన్ నుంచి పరుగెత్తుకొచ్చిన మస్తాన్ సాహెబు, "యా అల్లా, పడిందప్పా, పడింది!" అంటూ నన్ను వాటేసుకుని గిరగిరా తిప్పాడు. నేను కేకలు పెట్టాను. చొక్కా విప్పి తిప్పాను. నా జన్మలో అంత సంతోషం మళ్ళీ ఎరగను. ఒకటి మాత్రం రాసి తీరాలి. ఆ నడుమ ఒకసారి నాకు గవాచి గుర్తొచ్చింది. ఇంకొంచెంసేపు, అనుకున్నాను.

నేను పోయి రెడ్డిగారి కుండల గది తలుపు తీసేసరికి వాన వెలిసింది. రెండేళ్ళుగా ఎవరూ మట్టి మెత్తని మిద్దె కదా, గవాచి చుట్టూ ఉండే మట్టికట్ట అరిగిపోయి, పైన పడ్డ నీళ్ళన్నీ కంతలోకే దారి చేసుకున్నాయి. గడప ఎత్తు. దిగిన నీళ్ళు దిగినట్టే నిలిచాయి. గోడవార ఊరూరి కుమ్మర్ల కుండలు, రాయచోటి బాన, అహోబిలం దుత్త, కర్నూలు కాగు, కడిగినట్టు మెరుస్తూ నిలబడి ఉన్నాయి. వాటి నడుమ రెడ్డిగారివి లేవు. బురద ఉంది. అక్కడక్కడా ఒక మూతి అంచు నీళ్ళలో మునుగుతూ, నేను చూస్తుండగానే మెత్తగా విడిపోతోంది. ఒకటి పట్టుకుని పైకెత్తబోయాను. వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది. ఆ వాసన ఆ గది నిండా ఉంది.

బండ మూసినా కొన్ని నీళ్ళు దిగేవేనని తర్వాత నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. ఎన్నిసార్లు చెప్పుకున్నా నమ్మకం కుదరలేదు.

మరునాటి సాయంత్రం బండి వచ్చింది, దాని నిండా కట్టెలు. రెడ్డిగారు తడిసి ముద్దయి, నవ్వుతూ దిగారు. "పడింది గదప్పా!" అన్నారు. నా ముఖం చూసి నవ్వు ఆపి గదిలోకి పోయారు. నేను వెనకనుంచి, "గాలికి బండ జరిగిపోయింది రెడ్డిగారూ" అన్నాను. ఎందుకన్నానో నాకు తెలియదు. నోరు దానంతటదే అనేసింది. ఆయన మిద్దె ఎక్కారు. బండ ఎక్కడ ఆనించారో అక్కడే ఉంది. దాన్ని ఏ గాలీ కదిలించలేదని ఒక్క చూపుకే తెలుస్తుంది. కిందికి దిగి చాలాసేపు కాళ్ళు కడుక్కున్నారు.

"ఇంగేమన్నా చెప్పేదుండాదా అయివోరా?"

"ఏమీ లేదండీ."

ఆదివారం ముగ్గురం చప్పరం కింద కూర్చున్నాం. నడుమ ఏమీ లేదు. మస్తాన్ సాహెబు నేల చూస్తున్నాడు. రెడ్డిగారు గొంతు సవరించుకుని, ఎప్పటిలాగే మొదలుపెట్టారు.

"నా తప్పు నేను చెప్తాండా. భయపడి కాల్చకుండా దాపెట్టుకుంటి. పచ్చి కుండ కుండే గాదు. నాగన్న మొదుట్నించీ చెప్తానే ఉన్యాడు."

అని నా వైపు తిరిగారు. కోపం లేదు ఆ చూపులో. దారి ఇచ్చి నిలబడ్డట్టు ఉంది. నేను చెబితే ఆయన ఏదో ఒక రకంగా దిద్దేవారు, నాకు తెలుసు. నోటిదాకా వచ్చింది కూడా.

"ఈ వారం నేనేమీ చెయ్యలేదు రెడ్డిగారూ" అన్నాను.

ఆయన తల ఊపారు. లేచారు. కట్టెల బండిని అలాగే నాగన్న వాకిటికి తోలించారు, ఊరికి నీళ్ళకుండలు కావలసి వచ్చాయి కదా. సారెను గొడ్ల పాకలో గోడకు నిలబెట్టారు. మరి ముట్టుకోలేదు. వానలు పడ్డాయి, కొర్ర పండింది, ఊరు తేరుకుంది. ఆదివారాలు మాత్రం తేరుకోలేదు. నేనే ఏదో సాకు చెప్పి పోవడం మానేశాను. మరుసటేడు బదిలీ అడిగి మరీ కర్నూలుకు వచ్చేశాను.

ఆయన పోయిన సంగతి, నేను కర్నూలు వచ్చిన రెండేళ్ళకు, మస్తాన్ సాహెబు కార్డు రాస్తే తెలిసింది. చివరి నాలుగు రోజులూ మంచంలోనే ఉన్నారట. ఎవరు లోపలికి వచ్చినా ఒకటే అడిగేవారట, "ఈ పొద్దు ఆదివారమా?" అని. జ్వరంలో పలవరింత అని సాహెబు రాశాడు. నేను ఆ కార్డు చించేశాను. ఆ ప్రశ్న ఎవరికోసమో నాకు తెలుసు.

ఇప్పుడు నా బల్ల మీద ఆ ముంత ఉంది. ఆయన చేసిన నలభై కుండల్లో ఒక్క పెంకు కూడా ఈ లోకంలో లేదు. వంకరమూతితో నాది ఒక్కటే నిక్షేపంగా ఉంది. లోపల, మూతి దగ్గర, చప్పిడి బొటనవేలు అదిమిన గుంట ఉంది. నా వేలు పెడితే ఆ గుంటలో ఒక పక్క ఖాళీ మిగులుతుంది. ఆయన చేతి పనిలో మిగిలింది అదొక్కటే, నా తప్పు దిద్దిన చోటు.

రెడ్డిగారూ, ఈ రోజు ఆదివారం. చప్పరం లేదు, సాహెబు లేడు, మీరు లేరు. అయినా చెబుతున్నాను. బండ గాలికి జరగలేదు. నేను మూయలేదు.