మధ్యలో ఆపని పాట

ఈ సంగతి నాకు మొదట చెప్పింది మా మరిది. నిన్న మధ్యాహ్నం ఆదోని నుండి వచ్చి, గడపలోనే నిలబడి, మా ఆడబిడ్డకు ఎల్లుండి కర్నూలులో గొంతు ఆపరేషన్ అనీ, ప్రాణానికి భయం లేదు గానీ మాట నిలుస్తుందో లేదో చెప్పలేమని డాక్టర్లు అన్నారనీ చెప్పాడు. అప్పటినుండి నాకు ఏ పనీ చేతికి రావడం లేదు. స్వామి పేరు తలుచుకుంటూనే మధ్యలో మరిచిపోతున్నాను.

ఎమ్మిగనూరులో ఇంటింటా మగ్గం ఆడిన రోజులు నా ఈడువారికి గుర్తుండే ఉంటాయి. మా ఆయన గుంటమగ్గంలో కూర్చుని, మా అత్తగారి దగ్గర నేర్చిన మేలుకొలుపు పాడుకుంటూ నేసేవారు. బడి ముఖం చూడని నాకు ఆ పాట చరణాలే పలక మీద రాసి దిద్దించారు. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆయన పుణ్యమే. తర్వాత ఆయనకు ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంది. నేను వంటింట్లో ఉన్నా చెవులు మగ్గం దగ్గరే ఉండేవి. పోగు తెగితే పాట ఆగేది, అతకగానే మళ్లీ సాగేది. ఆ కాస్తసేపూ చేతిలో పని వదిలి, మళ్లీ అందుకుంటారా అని వింటూ ఉండేదాన్ని. చివరికి మగ్గానికి చాలిన ఊపిరి పాటకు చాలకుండా పోయింది.

అప్పుడు మా ఆడబిడ్డ తన సంసారం తోటికోడలికి అప్పగించి, మగ్గానికి నూలు కండెలు చుట్టే నెపంతో మా ఇంటికి వచ్చింది. రాట్నం ముందు కూర్చుని ఆ పాటే అందుకుంది.

"మెల్లగ పాడు మే, నీ గొంతుకు పోగులు తెగుతాండాయి," అని ఆయన ఎగతాళి చేసేవారు.

"తెగితే అతుక్కోన్నా, నీకింకేం పనుండాది?" అనేది.

ఒక సాయంత్రం నేను లోపల చంటిబిడ్డకు పాలిస్తుండగా మగ్గం ఆగింది. పాట ఆగలేదు. పోగు తెగిందేమో, అతుకుతున్నారేమో అనుకున్నాను. పాట చివరి చరణం దాకా సాగి, ఆ తర్వాతే "వదినా, ఒగసారి రా" అన్న పిలుపు వినబడింది. వెళ్లి చూస్తే ఆయన నేసిన బట్ట మీద తల వాల్చి ఉన్నారు.

"అన్న ఇంటాండాడు వదినా, మధ్యలో ఎట్ల ఆపేది?" అంది.

ఆ పాట మళ్లీ వినే ధైర్యం నాకు చాలా ఏళ్లు కలగలేదు. ఆయన ఒంటరిగా పోలేదన్న కృతజ్ఞత మాత్రం ఏటికేడు పెరిగింది. ఒక్కసారి పాడమని అడుగుదామనుకుంటూనే ఇన్నేళ్లు గడిపేశాను.

ఈ ఉదయం మా మనవరాలు ఆదోని వెళ్లి, ఆ పాటను ఫోనులో రికార్డు చేయబోయిందట. మా ఆడబిడ్డ రెండుసార్లు ఎత్తుకుని ఆగిపోయి, "మగ్గం సప్పుడు లేకుంటే యాడ అందుకోవాల్నో తెలీడంలేదు పాపా," అందట. మా వీధిలో ఇప్పుడు ఒక్క మగ్గమూ లేదు. ఆ చప్పుడు తెచ్చి ఇవ్వడం ఎవరికి సాధ్యం?

మీరిది చదివేనాటికి ఏమై ఉంటుందో నాకు తెలియదు. మీరు కొలిచే దేవుడెవరైనా సరే, ఆయన ముందు నిలబడినప్పుడు మా ఆడబిడ్డను ఒక్కసారి తలచుకోండి.