నల్లముసుగుకి పాలాభిషేకం

ఊళ్లో మంచి పేరు తెచ్చుకోవడానికి కొందరికి జీవితకాలం పడుతుంది. ఉన్న పేరు పోగొట్టుకోవడానికి నాకు ఒక్క మార్నింగ్ షో చాలింది. అదీ ఇంటర్వెల్ దాకానే. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో చెబుతాను, మొహమాటపడకుండా నవ్వుకోండి. పాతపట్నంలో ఇంకా నవ్వనివాళ్లు ఎవరూ మిగల్లేదు.

మాది కిరాణా కొట్టు. పొట్లాలు కట్టడానికి నాన్న పాత పుస్తకాలు తూకానికి కొనేవారు. నేను బడికెళ్లే రోజుల్లో ఆ గుట్టలో ఒక ఇంగ్లీషు బొమ్మల పుస్తకం దొరికింది. అట్ట లేదు, చివరి పేజీలు లేవు. ఉన్న పేజీల్లో మాత్రం, ఏం చెప్పమంటారు! మనుషులు మేడల మీద నుంచి ఎగురుతున్నారు. పరిగెత్తే రైలుని ఒంటిచేత్తో ఆపుతున్నారు. ధనియాల బస్తా మీద కూర్చుని, నోరు తెరిచి అలా చూస్తూ ఉండిపోయాను. పంచదార అడిగినవాళ్లకి ఆ పూట ఉప్పు కట్టి ఇచ్చానట. ఇంత పెద్ద లోకం ఇన్నాళ్లూ నాకు కనబడకుండా ఎక్కడ దాక్కుందా అని ఒళ్లు పులకరించింది.

అందులో ఇద్దరు మొనగాళ్లు. వాళ్ల ఇంగ్లీషు పేర్లు నాకు నోరు తిరగవు కనుక నేనే పేర్లు పెట్టుకున్నాను. నల్ల దుస్తులవాడు నల్లముసుగు. పసుపు దుస్తులవాడి ఛాతీ మీద తోకచుక్క గుర్తుంది, కాబట్టి వాడు తోకచుక్క. ఇద్దరూ కొట్టుకుంటున్నారు. మంచివాడెవడో తేల్చుకోవడం నాకు చిటికెలో పని. తోకచుక్క కనబడితే రాజ్యానికి అరిష్టమని మా నాయనమ్మ ఎన్నిసార్లు చెప్పింది! అలాంటిదాన్ని గుండెల మీద వేసుకు తిరిగేవాడు మంచివాడెలా అవుతాడు? పైగా నల్లముసుగు మంటల్లోంచి పసిపిల్లని బయటికి తెచ్చిన బొమ్మ ఒకటుంది. ఇంకేం కావాలి? ఆ రోజు నుంచి నేను నల్లముసుగు భక్తుణ్ని.

డిగ్రీకొచ్చేసరికి మా ఊరికి నేనే సూపర్ హీరోల పండితుణ్ని. టీకొట్టు దగ్గర నా అభిప్రాయాలు ఉచితం. "సినిమావోలకి పుస్తకం అంటే గౌరవం నేదురా. బొమ్మల పుస్తకంల ఉన్న మజా తెరమీద ఎక్కడ వస్తాది?" అని ఎన్ని గంటలైనా మాట్లాడేవాణ్ని. వినేవాళ్లు టీ తాగేసి లేచిపోయినా నేను ఆగేవాణ్ని కాను.

అప్పుడొచ్చింది కబురు. ఆ ఇద్దరి కథే సినిమాగా తీశారు, తెలుగులో డబ్బింగ్ కూడా చేశారు. మా సూరి మావ, అంటే అమ్మకి తమ్ముడు, ఊళ్లో సినిమా హాలు నడిపేవాడు. అందరి చేతుల్లోకీ పెద్ద ఫోన్లు వచ్చాక హాల్లో మనుషుల కంటే పిల్లులు ఎక్కువయ్యాయి.

"ఇంక నా వల్ల కాదురా. కుర్చీలు పీకించీసి కల్యాణ మండపం సేసీగలను" అన్నాడు మావ.

నాకు ఆ హాలంటే ప్రాణం. ఆ తెర ముందు కూర్చుంటే నేను కిరాణా కొట్టు కుర్రాణ్నన్న సంగతి మరిచిపోయేవాణ్ని.

"మావా, ఆగు. ఈ బొమ్మ వెయ్. ఊరూరంతా వస్తాది. పూచీ నాది."

"రాకపోతే?"

"రాకపోతే నీ మండపంల విస్తరాకులు నానే తీస్తాను."

మావ ఒప్పుకున్నాడు. ఆలు లేదు, చూలు లేదు, అల్లుడికి ఫ్లెక్సీ అన్నట్టు నేను వెంటనే ఫ్లెక్సీ పనిలో పడ్డాను. తాటిచెట్టంత నల్లముసుగు. కింద "చీకటిని చీల్చే చక్రవర్తికి పాతపట్నం నీరాజనం" అని అక్షరాలు. ఆ కింద నల్లకళ్లద్దాలతో, దండం పెడుతూ నేను. గుండ్రని చట్రంలో మావ. ఇంతటితో ఆగితే నేనెందుకవుతాను? నల్లముసుగు పాదం కింద తోకచుక్కని మహిషాసురుడిలా పడుకోబెట్టించాను.

మావ కొడుకు గోవిందుకి మాత్రం అనుమానమొచ్చింది. "బావా, ఓపాలి ఫోన్‌ల సూడరాదేటి, మంచోడు ఎవుడో?"

"ఏటిరా, నాను ఫోన్‌ల సూసి తెలుసుకోవాలా? నన్ను అడిగి ఫోన్ తెలుసుకోవాలి!"

మొదటి రోజు డప్పులు మోగాయి. గుమ్మడికాయ పగిలింది. పాలు పోసే అప్పన్న మావ బిందెతో తెచ్చి, నిచ్చెనెక్కి నల్లముసుగు పాదాల మీద ధారగా పోశాడు. నేను కర్పూరం వెలిగించి కళ్లు మూసుకున్నాను. హాలు నిండిపోయింది. సూరి మావ నా వీపు తట్టాడు.

బొమ్మ మొదలైంది. అయ్యా, నా అభిప్రాయాలన్నీ మొదటి పది నిమిషాల్లోనే గాలికి పోయాయి. ధనియాల బస్తా మీద చూసిన లోకం కళ్ల ముందు కదులుతోంది, ఉరుముతోంది. ఊపిరి తీసుకోవడం మరిచిపోయాను.

ఇంటర్వెల్‌కి కాస్త ముందు నల్లముసుగు వంతెన మీదికొచ్చాడు. నేను ఈల వేశాను. నా వెనకే హాలంతా ఈల వేసింది. వాడు తాపీగా ఒక మీట నొక్కాడు. వంతెన ఫెళ్లున విరిగింది. బడిపిల్లల బస్సు గాల్లో వేలాడింది. నల్లముసుగు పకపకా నవ్వాడు.

ఆ నవ్వు మధ్యలోంచి అప్పన్న మావ గొంతు లేచింది. "ఒరే, ఆడికేనేటి మనం పాలు పోసినాం? మా గేదె పాలురా అవి! ఇంటికెల్లి దాని మొకం ఎలా సూడాల?"

తలలన్నీ నావైపు తిరిగాయి. నేను లేచి నిలబడ్డాను. "సినిమావోలు కథ మార్సీసినారు! పుస్తకంల అలగ నేదు!"

"కూకోరా!" అన్నాడు సూరి మావ, పళ్లు నూరుతూ.

అంతలో సముద్రంలోంచి తోకచుక్క లేచాడు. విరిగిన వంతెనని భుజాన మోస్తూ, బస్సుని ఒక చేత్తో పట్టి, రెండో చేత్తో పిల్లల్ని ఒక్కొక్కరినే ఒడ్డుకి దింపాడు. బరువుకి భుజం కుంగుతున్నా వదల్లేదు. నేను ఏడ్చేశాను, నిజంగానే. ఇన్నేళ్లూ అరిష్టమని తిట్టినవాడికి లేచి నిలబడి దండం పెట్టాను. హాలంతా చప్పట్లు.

ఆ భక్తి ఇంటర్వెల్‌లో పనికిరాలేదు. బయట సంత. సంతలో టమాటాలు. జనం గురి నల్లముసుగు మీదే, అందులో దాపరికం లేదు. కానీ వాడి ముఖం తాటిచెట్టంత ఎత్తున ఉంది. చేతికందే ఎత్తులో ఉన్నది నా ముఖం.

"మావా, ఫ్లెక్సీ దింపీమని సెప్పు!" అని కాళ్లావేళ్లా పడ్డాను.

"ముట్టుకున్నావంటే సేతులిరగ్గొట్టీగలను. అటు సూడు!"

చూశాను. గొడవ విని సంతలోంచి వచ్చి టమాటా విసిరినవాళ్లు చేతులు కడుక్కుని, రెండో ఆటకి టిక్కెట్ల వరసలో నిలబడుతున్నారు. ఆ వారమంతా చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం వచ్చి, ముందు ఫ్లెక్సీ మీది నన్ను టమాటాలతో కొట్టి, తర్వాత బొమ్మ చూసి వెళ్లారు. హాలు బతికింది. కల్యాణ మండపం మాట మావ మళ్లీ ఎత్తలేదు.

మొదటి రోజు సాయంత్రం నేను కొట్టుకి వెళ్లి, చొక్కా మీది టమాటా గింజలు దులుపుకుంటూ గొణిగాను. "పుస్తకంల అలగ నేదు నాన్నా. అందల నల్లోడే మంచోడు."

నాన్న ధనియాలు తూస్తూ తలెత్తకుండానే అన్నారు. "ఆ పుస్తకమా? సివర కాయితాలు నానే కదరా సింపి మిరియాల పొట్లాలు కట్టినాను. నల్లోడు మంటలెట్టి పసిపిల్లని ఎత్తుకుపోయిన దొంగని, ఆడికి సంకెళ్లేసినారని అందల బొమ్మ ఉన్నాది."

"మరి ఇన్నేళ్లూ సెప్పనేదేటి నాన్నా?"

"నువ్వు ఊరందరికీ సెప్పినావు గానీ, నన్నెప్పుడైనా అడిగినావేటి?"

అందుకే, పాఠక మహాశయులారా, మా కొట్టు తక్కెడ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. చివరి పేజీ చూడకుండా ఈ జన్మలో ఏ వీరుడికీ పాలు పోయను. పోయక తప్పని రోజు వస్తే, ఫ్లెక్సీ మీద వీరుణ్ని చేతికందే ఎత్తులో పెట్టించి, నా ఫొటో తాటిచెట్టంత ఎత్తున వేయించుకుంటాను.