పొట్ట తేలిన గోడ

వినుకొండలో కొండవైపు వీధిలో ఉండేది మా ఇల్లు. మామగారు పోయాక మా వాటాకు వచ్చిన పాత రాతి ఇల్లు. రాళ్ల మధ్య సిమెంటు లేదు, అంతా మట్టే. లోపలివైపు ఏళ్ల తరబడి వేసిన సున్నం పెచ్చులు కట్టి, చెయ్యి ఆనిస్తే మట్టితో సహా రాలేది. సందుల్లో తేళ్లు కాపురం పెట్టాయి. ఎనభైల మొదట్లో ఒక ఎండాకాలం, మధ్యాహ్నం గోడవారన పడుకున్న మా నాలుగేళ్ల పాపను తేలు కుట్టింది. ఆస్పత్రికి తీసుకుపోయి సూది వేయించాం. పాప కోలుకుంది గానీ, ఆ ఏడుపు మా ఆయన చెవుల్లోంచి పోలేదు.

"వానలు పడేలోపు గోడలకు ప్లాస్టరింగ్ చేయించాల్సిందే," అన్నారు.

అప్పటికి ఆయన పనిచేసే పత్తి మిల్లు మూతపడింది. ఇంటిపట్టునే ఉంటున్నారు. మేస్త్రీని పిలిస్తే, దారానికి కట్టిన ఇనప గుండును గోడ పైనుంచి వదిలి చూశాడు. నడిమి గోడ మధ్యలో జానెడు ముందుకు ఉబ్బి ఉంది.

"దీనిమీద ఇట్టాగే కొడితే సిమెంటు చానా తినిద్దయ్యా, నిలవదు కూడా. వదులు మట్టంతా గీకేయండి. తడిపి, గుంటల్లో రాతిముక్కలు పెట్టి పూడ్చుకోండి. ఆ పొట్ట కూడా కాస్త చెక్కండి. ఇయ్యన్నీ మీరే చేసుకుంటే కూలి మిగిలిద్ది. ఆరినాక నేనొచ్చి కొడతా," అన్నాడు.

మూతికి తడిగుడ్డ కట్టుకుని ఇద్దరం మొదలుపెట్టాం. ఆయన గీకితే నేను తట్టలతో ఎత్తిపోసేదాన్ని. అన్నంలో దుమ్ము, పక్కబట్టల్లో దుమ్ము. ఇసుకా సున్నం కలిపిన ముద్దతో గుంటలు పూడ్చుకుంటూ మూడు గోడలు ఒక దారికి తెచ్చాం. మిల్లు మూతపడ్డాక ఆయన మాటలు తగ్గిపోయాయి. ఈ పనిలో పడ్డాక అసలే లేవు. పిలిస్తే గోడవైపు చూస్తూనే పలికేవారు.

మిగిలింది నడిమి గోడ. అది మాకూ పక్కింటికీ ఒకటే. అవతల ఒక లారీ మెకానిక్, అతని భార్య, ఇంకా నడక రాని వాళ్ల పాప ఉండేవాళ్లు. ఆమె నన్ను అక్కా అని పిలిచేది.

ఒక పొద్దున ఆయన సుత్తీ ఉలీ పక్కనపెట్టి గునపం తీశారు.

"దాని జోలికి ఎందుకండీ, అవతల మనుషులున్నారు," అన్నాను.

"సగం పని చేసి కూర్చోమంటావా? అదీ చేతకాలేదనిపించుకోనా?"

ఎవరు అన్నారని అడగలేకపోయాను. గునపం ఒక రాయి కిందికి దూరింది. రాయి కదిలింది. దాని పైవి కూడా కదిలాయి. గోడ మా మీదికి రాలేదు, గునపం తోసినవైపు, అవతలికి పోయింది. దుమ్ములోంచి పక్కింటి వెలుతురు కనబడింది, వెంటనే ఆమె కేక.

నేను వీధిలోంచి తిరిగి పరుగెత్తాను. ఆమె పెరటి గుమ్మంలో తడి ఒంటితో ఉన్న పాపను గుండెకు అదుముకుని నిలబడి ఉంది. స్నానానికని అప్పుడే ఎత్తుకుపోయిందట. పాప పడుకునే చిన్న నులకమంచం రాళ్ల కింద రెండుగా విరిగి ఉంది.

"అక్కా, ఇప్పుడే... ఇప్పుడే తీశా," అంటూ మంచంవైపు చూపించింది.

సాయంత్రం మెకానిక్ వచ్చి, విరిగిన మంచం చూసి, మా ఇంటికి వచ్చాడు.

"అన్నా, పిల్ల దాంట్లో ఉంటే ఏంది సంగతి?"

అతను తిట్టి ఉంటే నయమనిపించింది. "రేపు మేస్త్రీని పిలువు, నేనూ పనికి పోను," అని వెళ్లిపోయాడు.

మా గోడలకని తెచ్చిన సిమెంటంతా ఆ గోడ మళ్లీ లేపడానికే సరిపోయింది. మెకానిక్ అటునుంచి రాళ్లు అందిస్తే మా ఆయన ఇటు అందుకుని మేస్త్రీకి ఇచ్చారు. మిగతా గోడలకు నేనే మట్టీ పేడా మెత్తి సున్నం కొట్టాను. తేళ్లు తగ్గాయి. ఆయన మాత్రం అటుగా పోయినప్పుడల్లా ఆ గోడమీద అరచెయ్యి ఆనించి చూసేవారు. దసరా వెళ్లాక గుంటూరులో ఇంకో మిల్లులో పని దొరికింది, మాటలు కాస్త తిరిగొచ్చాయి.

పక్కింటి ఆమె ఆ ఏటి వానల్లో వచ్చిన రంజాన్‌కు ఎప్పటిలాగే సేమ్యా పాయసం పంపింది. గిన్నె తిరిగి ఇవ్వడానికి వెళ్లినప్పుడు చూశాను. నడిమి గోడను ఆనుకున్న గదిలో డొక్కు టైర్లూ, కిరసనాయిలు డబ్బాలూ పెట్టుకున్నారు. పాప మంచం వంటింట్లో, పొయ్యికి అవతల, ఏ గోడకూ ఆనని చోట వేసి ఉంది.