చేపల తొట్టికి తమ్ముడు వేసిన పైపులు

మా చిన్న తమ్ముడు ఈ కార్తీకంలో పోయాడు. ఎడపల్లి దగ్గర ఒక చెరుకు తోటలో మోటరు బిగించి, చేతులు కడుక్కుని, గట్టు మీద కూర్చున్నాడట. మళ్లీ లేవలేదు. ఫోను వచ్చినప్పుడు నేను నిజామాబాద్‌లో మా ఇంట్లో పొద్దుటి జపంలో ఉన్నాను. ఎన్నో పూస దగ్గర ఆగానో ఇప్పటికీ గుర్తు రావడం లేదు.

వాణ్ని తలచుకుంటే ఆ కబురు కంటే ముందు శ్రావణంలో ఒక మామూలు పొద్దు గుర్తొస్తుంది. బోధన్‌లో వాళ్లింటికి వెళ్లి నాలుగు రోజులు ఉన్నాను. బయట సన్నగా వాన. మరదలు వంటింట్లో ఉప్మా కలుపుతోంది. నేను స్నానం చేసి దీపం పెట్టడానికి ముందుగదిలోకి వస్తే, వాడు నేల మీద కూర్చుని పైపు కోస్తున్నాడు. చుట్టూ తెల్లటి పొట్టు. పైపులు అతికించే సొల్యూషన్ వాసనలో నా అగరొత్తుల వాసన కలిసిపోయింది.

"అక్కా, జర గీ పైపు వట్టు."

"దేవునికి దీపం వెట్టద్దారా?"

"దేవుడు ఏడికి వోతడు? సొల్యూషన్ ఆరిపోతది."

పట్టుకున్నాను. గోడ పక్కన ఆరడుగుల అద్దాల తొట్టి. దాని కింద చెక్క అల్మారాలో ఇంకో చిన్న తొట్టి. దాన్ని సంపు అంటారట. పై తొట్టిలో నిండిన నీళ్లు ఒక పైపులోంచి సంపులోకి దిగుతాయి. అక్కడ బట్టలోంచి, రాళ్లలోంచి వడకట్టుకుంటాయి. మోటరు వాటిని ఇంకో పైపులోంచి మళ్లీ పైకి పంపుతుంది.

"మళ్ల మీదికే వంపేదానికి కిందికెందుకురా దింపుడు?" అన్నాను.

వాడు నవ్వాడు. "నువ్వు రోజూ గుడికి వోయి మళ్ల ఇంటికే వస్తవు గదనే అక్కా. గట్లనే."

ఆ మాట పూర్తిగా అర్థమైందని ఇప్పుడైనా చెప్పలేను.

వాడి పనంతా రైతుల మోటర్లతోనే. నిజాంసాగర్ కాలువ నీళ్లను తోటలకు ఎక్కించే మనిషి. దుకాణంలో ఉన్నవాటిలో అన్నిటికన్నా చిన్నదని అర హెచ్‌పీ మోటరు తెచ్చి సంపుకు బిగించాడు. స్విచ్చి వేశాడు. చూస్తుండగానే పై తొట్టి నిండి అంచు దాటింది. అన్ని నీళ్లను దింపడం ఆ దిగే పైపుకు చేతకాలేదు. చేపలింకా వేయలేదు, అదొక్కటే నయం.

మరదలు గరిటెతో సహా వచ్చి నిలబడింది. "గిది ఇల్లా, పొలమా? ఇగ నాట్లేద్దామా?"

వాడు సిగ్గుపడ్డాడు. బట్ట పెట్టి నేల తుడిచాడు. తర్వాత దిగే పైపు కింద బకెట్ పెట్టి, గడియారం చూస్తూ, ఎంతసేపట్లో నిండుతుందో గోడ మీద పెన్సిలుతో రాసుకున్నాడు. "ఎంత దిగుతదో గంతనే ఎక్కియ్యాలె అక్కా. నేనే ఉల్టా వోయిన."

మర్నాడు నిజామాబాద్ బస్సులో నాతోపాటే వచ్చి పెంపుడు చేపల దుకాణంలో గంటసేపు పంపులు చూశాడు. "గా డబ్బ మీద రాసింది నేలబారు లెక్క. మన నీళ్లు నాలుగడుగులు ఎక్కాలె, మూడు వంకలు తిరగాలె. ఆడికి వోయేసరికి ఎంత మిగుల్తదో గది సూడాలె." చివరికి కొన్న పంపు నా రెండు పిడికిళ్లంత ఉంది. అంత చిన్నదాన్ని ఎవరూ చూడకుండా సంచి అడుగున పెట్టుకున్నాడు.

అసలు ఆ తొట్టి ఎందుకు పెట్టాడో మాకు తెలియదు. డాక్టరు మనసు నిమ్మళంగా ఉంచుకోమన్నాడని మరదలికి చెప్పాడట. నువ్వు చిన్నప్పుడు అడిగావు కదా అని, డిగ్రీ చదువుతున్న కూతురికి చెప్పాడట. ఆ మూల నీళ్లుంటే మంచిదని నువ్వే అన్నావు కదా అని నాకు చెప్పాడు. నేను అన్నానా? గుర్తు లేదు. దినాలకు ఒకచోట కూర్చున్నప్పుడు మూడు కారణాలూ బయటపడ్డాయి. ముగ్గురం ముఖాలు చూసుకున్నాం.

మరదలు తొట్టి తీసేద్దామంది. "సూసుకునేటాయనే వోయిండు. గిది నాతోని గాదు వదినా." దినాలు అయిపోయాక వచ్చి చేపలతో సహా తీసుకుపోతానని దుకాణం అతను ఒప్పుకున్నాడు. మేనకోడలు లేచి వెళ్లి చేపలకు మేత వేసింది.

దుకాణం అతను వచ్చేది రేపనగా, పైకి వచ్చే పైపు వంపు దగ్గర, నీటి మట్టానికి కాస్త కిందుగా సన్నటి బొక్క కనిపించింది. అందులోంచి నీళ్లు చిమ్మి పైన అలలు లేస్తున్నాయి. పైపు పగిలింది, బాగుచేసే తీరిక తమ్ముడికి దొరకలేదు అనుకున్నాను. రేపు వచ్చేవాడు వాడి పనికి వంక పెట్టకూడదనుకున్నాను. అందరూ దుఃఖంలో ఉన్నారు, ఇది అడిగే మాటా అని ఎవరినీ అడగలేదు. చీపురుపుల్ల విరిచి అందులో దూర్చి, వాడి సంచిలోని తెల్ల టేపు గట్టిగా చుట్టాను. అలలు ఆగాయి. వాడి పని ఒకటి పూర్తి చేశానని దేవుడికి దండం పెట్టుకున్నాను.

మధ్యాహ్నం కరెంటు పోయింది.

"అత్తమ్మా! నీళ్లు!" మేనకోడలి కేకకు పరుగెత్తాను. మోటరు ఆగేసరికి పై తొట్టిలోని నీళ్లు, లోతుగా మునిగి ఉన్న పైపు మూతిలోంచి, ఎక్కిన దారినే వెనక్కి దిగుతున్నాయి. సంపు నిండి గదంతా పారుతోంది. పైన తొట్టి సగమైంది. చేపలన్నీ అడుగున ఒక మూలకు చేరి తడబడుతున్నాయి. పిల్ల టేపు పీకి పుల్ల లాగేసింది. పైపు ఒక్కసారి గుటుక్కుమని గాలి పీల్చుకుంది. నీళ్లు ఆగిపోయాయి.

"గీ బొక్క బాపు కావాల్ననే వెట్టిండు అత్తమ్మా. కరెంటు వోతే గీడికెళ్లి గాలి సొస్తది, నీళ్లు ఎన్కకు గుంజుడు బందైతది. ఎవలు మూసిండ్రు?"

"నేనే బిడ్డా."

మరదలు తడిసిన చీరతో నిలబడి, ఇన్ని రోజుల్లో మొదటిసారి నవ్వింది. "తమ్మునికి తగ్గ అక్కవే వదినా. ఆయన మీదికెళ్లి వొలకవోసిండు, నువ్వు కిందికెళ్లి." నవ్వుతూనే ఏడ్చింది.

మీలో చేపలు పెంచేవాళ్లు నన్ను చూసి నవ్వుకుంటారేమో. వాడు జాగ్రత్తగా చేసిపెట్టినదాన్ని నేను లోపమనుకున్నాను. వాడి విషయంలో ఇంకా ఎక్కడెక్కడ ఇట్లా పొరబడ్డానో తెలియదు. అడగడానికి వాడు లేడు.

సాయంత్రం మా నడిపి తమ్ముడు వచ్చాడు. "రేపు దుకాణపాయన వస్తనన్నడు గద, పంపియ్యిండ్రి. ఇయ్యాల అర్ర తడిసింది. రేపు ఇంకేమైతదో."

"నాకు అన్నీ ఎర్కనే పెద్దబాపు," అంది మేనకోడలు.

"నువ్వు కాలేజీకి వోతవు. ఎవలు సూస్తరు? పెద్దదానివి, నువ్వు చెప్పక్కా."

"నన్ను అడుగకుండ్రి. మూసింది నేను," అన్నాను.

మరదలు తడిబట్ట బకెట్లో పిండి, అంది: "ఉంచుదాం. నేను నేర్సుకుంట." ఎందుకు మనసు మారిందో చెప్పలేదు. మేము అడగలేదు. నడిపి తమ్ముడు దుకాణానికి ఫోను చేసి రావద్దన్నాడు. సోమవారం కాలేజీకి వెళ్లేలోపు కూతురు తల్లికి అన్నీ చూపించాలని అనుకున్నాం. పైపుల జోలికి నేను పోకూడదని కూడా అనుకున్నాం.

మరదలు కొంగు నడుముకు చెక్కుకుని అల్మారా ముందు కూర్చుంది. కరెంటు వచ్చాక కూతురు స్విచ్చి వేసింది. సంపులో నీళ్లు మెల్లగా తగ్గాయి. పైన తొట్టిలో నీటి గీత వేలెడు, వేలెడుగా లేస్తుంటే, ఆమె తల ఎత్తి దాన్నే చూస్తూ ఉండిపోయింది.