దండెం మీది కేబులు

నాయన పోయాక ఇంటి బరువు నిస్సీ మీద పడింది. చంద్రగిరిలో తమ మిద్దె మీది గదిలో కూర్చుని, ఎక్కడెక్కడి డాక్టర్లో రికార్డు చేసిన మాటలు విని టైపు చేసి, ఇంటర్నెట్‌లో తిరుపతి ఆఫీసుకు పంపేది. మోడెం కింద హాల్లో ఉండేది. తమ్ముడు ఏబెల్ అక్కణ్ణుంచి కేబులు లాగి, మిద్దె మీద బట్టలారేసే ఇనుప దండేనికి చుట్టి, పై గదిలోకి తెచ్చాడు.

2007 వానాకాలంలో పెద్ద గాలివాన కురిసిన మర్నాడు పొద్దున పై గదిలో నెట్ రాలేదు. నిస్సీ కిందికెళ్లి మోడెం ఆపి మళ్లీ వేసింది. దాని దీపాలన్నీ సరిగానే వెలిగాయి. కింది కంప్యూటర్లో నెట్ బాగానే వస్తోంది. అయితే లోపం కేబుల్లోనే ఉందనుకుని, ఇంట్లోని మెట్లెక్కి పై గదికి వెళ్లి దాన్ని కంప్యూటర్లోంచి ఊడబీకింది. కొస వేలికి తగలగానే చెయ్యి మోచేతి దాకా జివ్వున లాగేసింది.

కేబులు వదిలేసి వెనక్కి తూలింది. నెట్ తీగలో ఇంత కరెంటెందుకుంటుంది?

తలుపు తీసి చూసింది. స్తంభం మీంచి ఇంటికొచ్చే కరెంటు తీగ గాలికి జారి దండెం మీద పడి ఉంది. పైతొడుగు ఒరిసిపోయి లోపలి లోహం మెరుస్తోంది. దాని దెబ్బకు దండేనికి చుట్టిన కేబులూ తెగి, లోపలి రాగి ఇనుముకు తగులుతోంది. మిద్దెంతా నీళ్లు.

బయటి మెట్ల మీదుగా వాళ్లమ్మ గురవమ్మ అప్పటికే పైకొచ్చేసింది. తడిచీర పిండి, దండెం వైపు చేతులెత్తుతోంది.

"అమ్మా! దండెం ముట్టుకోవద్దు!"

"ఏం మే, అట్లరుస్తావు? ఎండ ఉండాది గదా, ఆరేసుకోనీ!"

గురవమ్మ చేతులు దించలేదు. ఆ తడి మీద తాను ఎలా పరుగెత్తిందో నిస్సీకి తర్వాత ఎంత తలచుకున్నా గుర్తుకు రాలేదు. వెనకనుంచి అమ్మ నడుము పట్టి లాగింది. ఇద్దరూ వెల్లకిలా పడ్డారు. గురవమ్మ మోచెయ్యి గీరుకుపోయింది.

"కరెంటు మా... దాంట్లో కరెంటు ఉండాది..."

గురవమ్మ తీగను చూసింది. తడిచేతులు చూసుకుంది. "యేసయ్యా" అని కూతుర్ని గట్టిగా పట్టుకుంది. ఇద్దరూ కిందికి దిగారు.

ఇంట్లో మెయిన్ స్విచ్ ఆపినా స్తంభం నుంచి వచ్చే ఆ తీగలో కరెంటు పోదు. నిస్సీ కరెంటాఫీసుకు ఫోన్ చేసి, ఎవరూ పైకెక్కకుండా బయటి మెట్లకు అడ్డంగా కూర్చుంది. లైన్‌మన్ వచ్చి సరఫరా ఆపేదాకా లేవలేదు. ఆ దండేనికి కేబులు కట్టింది తానేనని ఏబెల్ తల పట్టుకున్నాడు. సాయంత్రానికి గోడ వెంబడి కొత్త కేబులు వేశాడు.

"అక్కా, నెట్ వచ్చినాది సూడు," అన్నాడు.

నిస్సీ కీబోర్డు ముందు కూర్చుంది. హెడ్‌ఫోన్లు పక్కన పెట్టి, కింద వంటింట్లో అమ్మ మాట వినిపిస్తోందా లేదా అని చెవులప్పగించింది.