జెయింట్ వీల్ ఎక్కడానికి పర్మిట్

మా ఇంట్లో పర్మిట్ లేకుండా జరిగిన పెద్ద పని నా పెళ్ళి ఒక్కటే. మిగిలినవాటికి అంతో ఇంతో కాగితం ఉంది.

ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. నేను స్టీల్ ప్లాంటులో సేఫ్టీ విభాగంలో పనిచేస్తాను. మా నాన్న కూడా రిటైరయ్యేదాకా అదే ప్లాంటులో చేశారు. అక్కడ ఎవరైనా ట్యాంకులోకి దిగాలన్నా, ఎత్తు మీద వెల్డింగ్ చేయాలన్నా ముందు పర్మిట్ రాయాలి. ఏం పని, ఎన్నింటి నుంచి ఎన్నింటిదాకా, ఏం ప్రమాదాలున్నాయి, వాటికి ఏం జాగ్రత్తలు తీసుకున్నారు, అన్నీ రాసి సంతకాలు పెట్టాలి. లోపలికి మనిషి దిగితే బయట ఇంకో మనిషి కాపలా నిలబడాలి. గడువు దాటితే ఆ కాగితానికి పకోడీల పొట్లానికున్న విలువ కూడా ఉండదు. ఇరవై ఏళ్ళుగా ఇదే వృత్తి కాబట్టి ఇంట్లో గ్యాస్ సిలిండర్ మార్చేటప్పుడు కూడా ముందు కిటికీలన్నీ తెరిచి, అందరినీ వరండాలోకి పంపేస్తాను. "అయిందాండీ?" అని అక్కణ్ణుంచి మా ఆవిడ అడుగుతుంది. అయ్యేలోపు పక్క క్వార్టర్ వాళ్ళు వండుకుని తినేస్తారు.

కరోనా రెండో వేవ్ తగ్గి, మూసినవన్నీ ఒక్కొక్కటే తెరుస్తున్న రోజులవి. సినిమా హాళ్ళు తెరిచారు. బీచ్ తెరిచారు. సముద్రానికి తలుపులెక్కడున్నాయో నాకు తెలీదు గానీ పేపర్లో అలాగే వేశారు. ఆ వారమే భీమిలి వెళ్ళే దారిలో ఉన్న అమ్యూజ్‌మెంట్ పార్కు కూడా తెరుస్తున్నట్టు, అన్ని నిబంధనలూ పాటిస్తున్నట్టు చిన్న ప్రకటన వచ్చింది. పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి సంతోషిస్తుందని పైకి చదివాను.

"నాన్నా, అక్కడికి చిన్నపిల్లలు వెళ్తారు," అంది ఫోన్లోంచి తలెత్తకుండా.

కిటికీ దగ్గర కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న మా అమ్మ, "అయితే నానెల్తాను," అంది.

"ఎక్కడికమ్మా?"

"ఆ పార్కుకే. పెద్ద సెక్రం ఉంటాది కదా. అదెక్కుతాను."

మా అమ్మకి ఆయాసం. చలికాలంలో, దుమ్ములో, ఎవరింట్లోనైనా పోపు మాడినప్పుడు ఆమె చెయ్యి తనంతట తనే ఇన్‌హేలర్ వైపు వెళ్తుంది. అందుకని ఏడాదిన్నరగా ఆమెని గేటు దాటనివ్వలేదు. పాల ప్యాకెట్లకి సబ్బుతో స్నానాలు చేయించాం. ఒక దశలో ఇంట్లో అందరికన్నా అవే శుభ్రంగా ఉండేవి. ఆమె బయటికి వెళ్ళింది రెండుసార్లు, రెండూ టీకాకే. అంటే ఆ ఏడాదిన్నరలో బయటి ప్రపంచం ఆమెకి రెండు సూదిపోట్లు.

ఆదివారం మా బావ వచ్చాడు. మా చెల్లెలి భర్త. ఆటోనగర్లో లేత్ షాపు నడుపుతాడు. అప్పటి మా ఇంటి నిబంధన ప్రకారం అతన్ని వరండాలోనే కూర్చోబెట్టాం. అతనూ మాస్కు నియమం తప్పేవాడు కాదు. విన్నంతసేపూ మాస్కు పెట్టుకుని, మాట్లాడాల్సి వస్తే కిందికి దించేవాడు. అమ్మ కోరిక చెప్పగానే దించాడు.

"బావా, నువ్వు వైరస్, వైరస్ అంటన్నావ్ గానీ, అది ఏడాదిన్నర బట్టి ఆగిపోయిన మెషిను. పైగా ఉప్పుగాలి. బేరింగులు ఎలగున్నాయో ఎవుడు సూసేడు? ముందు ఖాళీగా తిప్పాల. తరవాత ఇసక బస్తాలెట్టి తిప్పాల. ఆ తరవాతే మనుసులు."

"ఇసక బస్తాల తర్వాత వరస మా అత్తయ్య గారిదాండీ, అన్నయ్య గారూ?" అంది మా ఆవిడ. ఆవిడది గోదావరి జిల్లా; ఎంత కోపం వచ్చినా 'అండీ' మాత్రం వదలదు. "మీరిద్దరూ గాలీ బేరింగులూ అంటున్నారు. అక్కడ నాలుగ్గంటలుంటే బాత్రూమ్ మాటేంటండీ? అందరూ ముట్టుకునే గడియ, అందరూ ముట్టుకునే మగ్గు."

ఇరవై ఏళ్ళ సేఫ్టీ సర్వీసులో నాకు తట్టని ప్రమాదం. రాసుకున్నాను.

ఎవరి భయం వాళ్ళ డిపార్ట్‌మెంటుదిగా ఉంది. సభ గంటన్నర సాగింది. పాత క్యాలెండర్ కాగితం వెనక పర్మిట్ రాశాను. వారం మధ్యలో, జనం లేని పొద్దున పూట వెళ్ళాలి. లైన్లో పదిమంది కన్నా ఎక్కువుంటే పని ఆపవలెను. వీల్ తొట్టెలో ఒకే ఇంటివాళ్ళు కూర్చోవాలి. అక్కడ ఏమీ తినకూడదు, తాగకూడదు. వీల్‌ని ముందు ఖాళీగా తిప్పించాలి. గడువు మధ్యాహ్నం పన్నెండు. కింద కాపలా: నేను. ఇక అమ్మ సంగతి. ఆమెని కూడా తీసుకెళ్ళి, సరుగుడు చెట్ల కింద, జనానికి దూరంగా బెంచీ మీద కూర్చోబెట్టాలి. మా ఆవిడా, వస్తే మా అమ్మాయీ వీల్ ఎక్కుతారు. అమ్మకి బయటి గాలి తగిలినట్టూ ఉంటుంది, ప్రమాదమూ ఉండదు. ఇంత మంచి రాజీ మాకే ముచ్చటేసింది. సేఫ్టీ తరఫున నేను, మెయింటెనెన్స్ తరఫున బావ, మిగతా సమస్తం తరఫున మా ఆవిడ సంతకాలు చేశాం.

అమ్మ కళ్ళజోడు తెప్పించుకుని కాగితం మొదటి నుంచి చివరిదాకా చదివింది. ఐదో తరగతి చదువు, తొందరపడకుండా చదువుతుంది.

"నాలుగో సంతకమేదిరా?"

"నాలుగోదేంటమ్మా?"

"పనిలోకి దిగినోడిది. మీ నాన్న ఇంటికొచ్చి సెప్పీవోరు. పెద్దోల సంతకాలన్నీ ఉండి, లోనకి దిగినోడి సంతకం లేకపోతే అది సిత్తుకాయితం అని. ఆడికి పెమాదం సెప్పాల, అర్తమైందా అని అడగాల. నన్నెవులడిగేరు?"

బావ మాస్కు పైకి లాక్కున్నాడు.

మా పర్మిట్‌లో ఆఖరి వరస అదే. 'ప్రమాదాలు నాకు వివరించారు, నాకు అర్థమయ్యాయి' అని ఉంటుంది, దాని కింద పనిచేసే మనిషి సంతకం. కాంట్రాక్ట్ కార్మికులకి ప్రతి సోమవారం నేను చెప్పే రెండు గంటల క్లాసులో అరగంట ఈ వరస మీదే. ఆ ఒక్క సంతకం లేదని పెద్ద పెద్ద పనులు ఆపించి, ఇంజనీర్ల చేత మాటలు పడ్డవాణ్ణి.

"బెంచీ మీద కూకోడానికి అంత దూరమెందుకురా? మనింట్లో లేదేటి బెంచీ?" అంది అమ్మ. "మీ సిన్నప్పుడు ఎగ్జిబిసన్ కెల్తే మీరంతా సెక్రం ఎక్కీవోరు. నాను కింద సెప్పులట్టుకుని నిలబడీదాన్ని. సెప్పులు, సంచీలు, మీ సెల్లి సగం తిని ఇచ్చీసిన మొక్కజొన్న పొత్తు. నీ పెళ్ళయ్యాక నీ పెళ్ళాం సెప్పులు, నీ కూతురి సెప్పులు. ఒక్కపాలి 'అమ్మా, నువ్వెక్కు' అన్నావేటి? ఆలోసించి సెప్పు. ఊరికే అన్లేదు, నిజంగానే అడుగుతన్నాను."

ఆలోచించాను. నాకు గుర్తున్నవన్నీ పైనుంచి కనిపించినవే. కింద జనంలో ఆమె చీర రంగు వెతుక్కుని, దొరకగానే చెయ్యి ఊపడం బాగా గుర్తుంది. 'నువ్వెక్కు' అన్నట్టు మాత్రం గుర్తు లేదు.

"అనలేదమ్మా."

"మరయితే పెమాదాలు సెప్పు. ఇంటాను."

చెప్పాను. ఆమెకి ఫోన్లో మందులు చెప్పే డాక్టరుని కూడా అడిగి చెప్పాను. ఆరుబయట భయం తక్కువ, గుంపులో ఎక్కువ. టీకాలు పడ్డాయి కాబట్టి కొంత ధైర్యం, ఆయాసం ఉంది కాబట్టి కొంత అధైర్యం. జబ్బు సోకితే ఆమెకి మామూలు వాళ్ళకన్నా కష్టం కావచ్చు. ఆసుపత్రి, ఆక్సిజన్, ఏదీ దాచలేదు. నా క్లాసులో కూడా ఇంత నిజాయితీగా ఎప్పుడూ చెప్పలేదు.

అంతా విని ఒకటే అడిగింది. "ఇంట్లో కూకుంటే రాదేటి?"

"ప్రమాదం తగ్గుతుంది. రాదని చెప్పలేను."

"నువ్వు డ్యూటీకి బస్సులో ఎంతమందితో ఎల్తన్నావ్?"

"నిండుగానే ఉంటుందమ్మా."

"అయితే నాకు తెస్తే గిస్తే నువ్వే తెస్తావు. సెక్రం కాదు," అని పెన్ను అడిగింది. బెంచీ వరస కొట్టేసి, ఆ పక్కన కుదురుగా సంతకం చేసింది. కింద కాపలా దగ్గర నా పేరు మాత్రం అలాగే ఉంచింది.

బుధవారం పొద్దున్నే బయల్దేరాం. మా అమ్మాయి ఆన్‌లైన్ క్లాసనే పవిత్ర కారణం చూపించి ఆగిపోయింది. బాత్రూమ్ భయంతో మా ఆవిడ ముందు రోజు రాత్రి నుంచే అమ్మ మజ్జిగ మీద ఆంక్షలు పెట్టింది. బావ తన బండి మీద వచ్చి గేటు దగ్గర కలిశాడు.

గేటు ముందు మనిషికొకటి చొప్పున సున్నంతో వృత్తాలు గీశారు. అందరం బుద్ధిగా నిలబడ్డాం. టికెట్ల కిటికీ తెరవగానే వృత్తాలు ఎక్కడివక్కడే ఉండిపోయాయి, జనం మాత్రం కిటికీ మీదికి వెళ్ళారు. మేం ఆఖర్న తీసుకున్నాం. సెక్యూరిటీ అతను నా నుదుటికి టెంపరేచర్ గన్ పెడితే తొంభై రెండు చూపించింది. ఆ లెక్కన నేను పోయి కాసేపయి ఉండాలి. "ఓకే సార్" అని లోపలికి పంపించాడు. లోపల పెద్ద బోర్డు: 'రైడ్లలో అరవరాదు.'

"అరవకపోతే ఎక్కడం దేనికి?" అన్నాడు బావ.

వీల్ దగ్గర కెళ్ళి బావ ఆపరేటర్ని నిలదీశాడు. మనుషుల్ని ఎక్కించేముందు ఖాళీగా తిప్పారా అని. ఆపరేటర్ నడివయసు మనిషి, నెమ్మదస్తుడు. "రోజూ పొద్దున్న అరగంట ఖాళీగా తిప్పుతాం సార్. తెరిసే ముందు వారం ఇసక బస్తాలతో తిప్పేం," అని రిజిస్టర్ తెచ్చి చూపించాడు. బావ పేజీలన్నీ తిరగేశాడు, స్తంభానికి చెవి ఆనించి విన్నాడు, గ్రీజు వేలితో తీసి వాసన చూశాడు. తప్పు దొరకలేదు. పెళ్ళివారింటికి వెళ్తే భోజనాలైపోయాయని చెప్పినట్టయింది అతని ముఖం.

అమ్మ చెప్పులు విప్పబోతుండగా వ్యాన్ దిగి కుర్రాళ్ళ గుంపు వచ్చింది. ద్వారకా నగర్ కోచింగ్ సెంటర్ వాళ్ళలా ఉన్నారు. ఏడాదిన్నర ఇంట్లో కూర్చుని చదివిన కసి ఒంట్లో కనిపిస్తోంది. మాస్కులు గడ్డాలకున్నాయి. క్షణంలో లైన్ నిండిపోయింది.

అమ్మ ముఖం చూశాను. ఇంత దూరం తెచ్చి, ఇన్నేళ్ళ తర్వాత... "అమ్మా, రెండు నిమిషాలే కదా. నీకు మాస్కుంది. నేను ముందు నిలబడి..."

"కాయితం తియ్యి," అంది.

తీశాను.

"లైన్ గురించేటి రాసేవు?"

"పదిమంది కన్నా ఎక్కువుంటే పని ఆపవలెను."

"ఎంతమందున్నారు?"

"పద్దెనిమిది, అత్తా," అన్నాడు బావ. "ఒకడు బాగా లావుగున్నాడు, ఇద్దరికింద లెక్కెట్టొచ్చు."

"మరింకేటి," అని చెప్పుల్లో కాళ్ళు దూర్చి, వెనక్కి తిరిగి సరుగుడు చెట్ల వైపు నడిచింది. కాగితంలో తను కొట్టేసిన బెంచీ మీదే వెళ్ళి కూర్చుంది. ఆ కాస్త నడకకే ఆయాసం వచ్చింది. ఇన్‌హేలర్ పీల్చి, కళ్ళు మూసుకుని, రెండు నిమిషాలు ఊపిరి సర్దుకుంది. తప్పు చేస్తున్నామేమోనని ఆ రెండు నిమిషాలు నాకు గట్టిగా అనిపించింది. వెళ్ళిపోదామా అని అడిగాను.

"పన్నెండు దాకా ఉంది కదా," అంది.

గంట పైనే కూర్చున్నాం. కుర్రాళ్ళు నాలుగు రౌండ్లు తిరిగారు, బోర్డు కిందే నిలబడి అరిచారు. పదకొండున్నర దాటాక నీళ్ళ జారుడుబల్లల వైపు పరిగెత్తారు. వీల్ దగ్గర ఎవరూ లేరు. తొట్టె కమ్మీలు తుడవమని మా ఆవిడ ఆపరేటర్‌కి చెప్పి, నచ్చక మళ్ళీ తనే తుడిచింది.

బావ కూడా ఎక్కబోయాడు.

"ఒకే ఇంటివాళ్ళండీ, అన్నయ్య గారూ," అంది మా ఆవిడ.

"ఆ గ్రీజు నానే కదా సూసేను!"

"మీరే సంతకం పెట్టారు కదండీ."

అమ్మ చెప్పులు విప్పి నా చేతికిచ్చింది. మా ఆవిడా ఇచ్చింది. తర్వాత రెండు హ్యాండ్‌బ్యాగులు, నీళ్ళ సీసా, శానిటైజర్ సీసా. కాపలా డ్యూటీ మొదలైంది.

వీల్ మెల్లగా కదిలింది. మొదటి రౌండ్లో మా ఆవిడ బోర్డు మర్చిపోయి అరిచింది. అమ్మ అరవలేదు. కమ్మీ పట్టుకుని నిటారుగా, బస్సులో కిటికీ సీటు దొరికినట్టు కూర్చుంది. మాస్కు, ఎండ, ఎత్తు. ముఖంలో ఏముందో నాకేమీ కనిపించలేదు. ఊపిరి ఎలా ఉందో తెలీలేదు. కింద నిలబడితే ఏమీ తెలీదు. ఒక్కోసారి పైనుంచి చెయ్యి ఊపినట్టుంటే నేనూ ఊపుదామని చూశాను గానీ, రెండు చేతుల్లోనూ చెప్పులు.

దిగాక బావే ముందు వెళ్ళాడు. "ఏటత్తా, ఎలగుంది?"

"ఓడలు ఆగున్నాయి సముద్రంలో. ఐదో ఆరో." ఊపిరి సరిగ్గానే ఉంది. నేను గమనిస్తున్నానని ఆమె గమనించింది.

చెప్పులు కింద పెట్టాను. ఆమె కాలు పెట్టబోయి ఆగింది. ఒకటి తనది, ఒకటి మా ఆవిడది.

"అలగ కాదురా. జతకి జత వేళ్ళ మధ్య ఎట్టుకోవాల. ఇన్నేళ్ళు సూసి ఇదేనేటి నేర్సుకున్నావు?"

పని అయ్యాక పర్మిట్ మూసే సంతకం ఒకటుంటుంది, మనుషులందరూ క్షేమంగా బయటికొచ్చారని. కాగితం, పెన్ను ఆమె ముందు పెట్టాను. ఆమె పెన్ను ముట్టుకోలేదు. బావ చెయ్యి తిప్పి వాచీ చూసింది. పన్నెండుకి తక్కువ పది. లైన్ వైపు చూసింది. ఎవరూ లేరు.

"ఇంకా గడువుంది కదా," అని మా ఆవిడ చెయ్యి పట్టుకుని మళ్ళీ తొట్టె వైపు నడిచింది.

నేను చెప్పులు తీసుకున్నాను. ఈసారి జతకి జత, వేళ్ళ మధ్య.